ఔటర్‌లో మా ఇల్లు

అనంతపురంలో మీ ఇల్లు ఎక్కడ అని ఎవరైనా అడిగితే నేను కాలనీ పేరు చెప్పను. చెప్పినా ఆటోవాళ్ళకే తెలియదు. ధర్మవరం వైపు నుంచి వచ్చే బండిని స్టేషన్‌కి ముందు ఔటర్‌లో, అంటే బయటి సిగ్నల్ దగ్గర, ఆపుతారు కదా, అప్పుడు ఎడమచేతి కిటికీలోంచి చూస్తే మిద్దె మీద నీలం రంగు నీళ్ళ ట్యాంకు, దాని పక్కన తీగ మీద మా అమ్మ ఆరేసిన దుప్పట్లు కనిపిస్తాయి, అదే మా ఇల్లు అని చెప్తాను. ఈ గుర్తులతో ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్ నిజంగానే బండిలోంచి చూసి ఫోన్ చేశారు కూడా.

ఇంటి వెనక గోడకీ పట్టాలకీ మధ్య ఒక మురుగు కాలువ, నాలుగు కంపచెట్లు, అంతే. చుట్టాలొచ్చి పడుకుంటే రాత్రి రెండింటికి గూడ్స్ పోయేటప్పుడు లేచి కూర్చుంటారు. మాకు మాత్రం టీవీలో మాట వినపడనప్పుడే బండి పోతోందని గుర్తొస్తుంది, అప్పుడు రిమోట్ నొక్కి సౌండ్ పెంచుతాం, పోయాక తగ్గిస్తాం. అది కూడా చెయ్యి అలవాటు.

ఇప్పుడు అసలు సంగతి. పట్టాలు ఇంత దగ్గర పెట్టుకుని, పొద్దున ధర్మవరం ప్యాసింజర్ ఎక్కాలంటే నేను ఆటో పట్టుకుని మూడు కిలోమీటర్లు వెనక్కి, ఊరి మధ్యలో ఉన్న స్టేషన్‌కి పోవాలి. అక్కడ బండెక్కుతాను. ఐదు నిమిషాల్లో ఆ బండి మళ్ళీ మా ఇంటి వెనక నుంచే పోతుంది. నేను గిన్నె కడిగి బోర్లించిన పెరడు, నేను మూయడం మర్చిపోయిన వంటింటి కిటికీ, అన్నీ కనిపిస్తాయి. ఒకరోజు పొయ్యి మీద పాలు పెట్టి వచ్చేశానేమో అని టెన్షన్ పడుతూ కిటికీలోంచి మెడ బయటపెట్టి చూశాను. పొగ ఏమీ లేదు. మా అమ్మ మాత్రం పెరట్లో నిలబడి, లోపలికి పెట్టుకో అన్నట్టు చెయ్యి ఊపింది, మెడ.

నేను ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారి దగ్గర లెక్కలు చూస్తాను. ఏ మగ్గానికి ఎంత రేషం (పట్టుదారం) ఇచ్చాం, ఎంత జరీ ఇచ్చాం, ఎన్ని చీరలు వచ్చాయి, కూలి ఎంత, ఇంకా జీఎస్టీ తలనొప్పి. రైల్లో ముప్పై చిల్లర కిలోమీటర్లు. బస్సులో కూడా పోవచ్చు, కానీ సీజన్ టికెట్ అనే దానికి అలవాటు పడ్డాక బస్సు మొహం చూడబుద్ధి కాదు. సెకండ్ క్లాస్ నెల పాస్ ధర సుమారు 15 సింగిల్ టికెట్లంత ఉంటుంది. నేను నెలకు యాభై సార్లు అటూ ఇటూ తిరుగుతాను, లెక్క మీరే వేసుకోండి. బైకు ట్యాంకు ఒకసారి నింపే డబ్బుకన్నా తక్కువలో నెల గడిచిపోతుంది. 2014లో ఈ లెక్కను 15 నుంచి 30 చేస్తామని ప్రకటించి, గొడవయ్యేసరికి కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. మా పాస్ బ్యాచ్‌లో పాతవాళ్ళు ఆ నాలుగు రోజుల సంగతి ఇప్పటికీ యుద్ధం కథలాగా చెప్తారు.

పాస్ బ్యాచ్ అంటే ఎవరో కాదు, టీచర్లు, బ్యాంకు వాళ్ళు, ఇద్దరు నర్సులు, ఒక కోర్టు గుమాస్తా. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండుగా చీలి శ్రీ సత్యసాయి జిల్లా వచ్చాక, ఇల్లు అనంతపురంలో ఆఫీసు పుట్టపర్తిలో అన్నవాళ్ళు కూడా మాలో చేరారు, పిల్లల చదువుల కోసం ఇల్లు మార్చలేక. మాకంటూ ఒక బోగీ, అందులో ఒక మూల. నేను ఎక్కగానే ఒక అక్క చేటంత స్టీలు మూత తెరిచి "ఉగ్గాని తినుపా, పొద్దున్నే ఏం తిన్నావో ఏమో" అంటుంది. బజ్జి మాత్రం ఎవరు ముందు చెయ్యి పెడితే వాళ్ళకే. ప్రసన్నాయపల్లి దాటేసరికి గిన్నె ఖాళీ, చిగిచెర్ల వచ్చేసరికి సగం మంది నిద్ర.

ఇక్కడ హైదరాబాద్ సంగతి చెప్పాలి. ఆరేళ్ళు అక్కడ ఉన్నాను, విద్యానగర్‌లో లేడీస్ హాస్టల్, హైటెక్ సిటీలో ఉద్యోగం. 2003 ఆగస్టులో మొదలైన ఎంఎంటీఎస్ అనే లోకల్ బళ్ళే నన్ను పోషించాయని చెప్పాలి. ఫలక్‌నుమా నుంచి లింగంపల్లి పోయే బండి విద్యానగర్‌లో ఎక్కితే జామై ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజ్, సీతాఫల్‌మండి, సికింద్రాబాద్ మీదుగా అలా పోతూనే ఉండేది. అప్పట్లో టికెట్ ఐదు రూపాయల నుంచి మొదలు. ఆ స్టేషన్లలో చాలావాటికి ఊరి పేర్లు ఉండవు, గమనించారా? జేమ్స్ స్ట్రీట్ అని ఒక వీధి పేరు. నెక్లెస్ రోడ్ అని ఒక రోడ్డు పేరు. ఆర్ట్స్ కాలేజ్. నేచర్ క్యూర్ హాస్పిటల్ అని ఏకంగా ఒక ఆస్పత్రి పేరు, మొదటిసారి విన్నప్పుడు రోగులకు మాత్రమే అనుకున్నాను, నిజంగా.

మన దగ్గర స్టేషన్ అంటే ఊరు. పసుపు బోర్డు మీద మూడు భాషల్లో ఊరి పేరు, కింద సముద్ర మట్టం నుంచి ఎత్తు. ఆ బోర్డు దగ్గరికి పోవాలంటే మా ఇంట్లో ముందు రోజు నుంచే హడావిడి. బ్యాగు సర్దుకోవాలి, చపాతీలు ఒత్తుకోవాలి, పక్కింటివాళ్ళకు తాళం చెవి ఇవ్వాలి, మంచి చీర కట్టుకోవాలి, గంట ముందే పోయి కూర్చోవాలి. విద్యానగర్‌లో నేను హవాయి చెప్పులతో పోయేదాన్ని. తల దువ్వుకోకుండా కూడా పోయాను. ఒకసారి కొత్తిమీర కట్ట కొనడానికి బయటకు వచ్చి, బండి వస్తోందని ఎనౌన్స్‌మెంట్ వినపడి, ఊరికే ఎక్కేసి సికింద్రాబాద్ దాకా పోయి, అక్కడ కొత్తిమీర కొనుక్కుని వచ్చాను. హాస్టల్ ఆంటీకి చెప్తే నమ్మలేదు. వీధి పేరుతో ఉన్న స్టేషన్‌కీ ఊరి పేరుతో ఉన్న స్టేషన్‌కీ తేడా అంతా ఈ కొత్తిమీర కట్టలోనే ఉందని నాకనిపిస్తుంది. ఒకటి ప్రయాణం. ఇంకొకటి నడక, మధ్యలో కొంచెం దూరం కూర్చుని నడవడం, అంతే తేడా.

2020లో ఉద్యోగం పోయి ఇంటికి వచ్చేశాను. మార్చి నెలాఖరు నుంచి మనుషుల బళ్ళు బంద్. మా ఇంటి వెనక గూడ్స్ మాత్రమే తిరిగేవి. మా అమ్మకు ఆ నిశ్శబ్దం పట్టలేదు, మధ్యాహ్నం పూట ఏ బండి పోయేదో దాన్ని బట్టి ఆమె బియ్యం కడిగేది, ఆ లెక్క అంతా తప్పిపోయింది. ఆ సెప్టెంబర్ 9న మాత్రం మన స్టేషన్ నుంచి కిసాన్ రైలు బయల్దేరింది, ఢిల్లీలోని ఆదర్శ్‌నగర్‌కి, టమాటా, అరటి, చీనీకాయలు అన్నీ నింపుకుని. దక్షిణాదిలో మొదటి కిసాన్ రైలు అదే. అది గుత్తి వైపు పోయేది కాబట్టి మా ఇంటి మీదుగా రాలేదు, లేకపోతే మా అమ్మ హారతి పట్టేదే. "మనుషులకు లేని బండి చీనీకాయలకు దొరికిందే" అని మా చిన్నాయన ఒకటే నవ్వు, ఆయనకు తోట ఉంది లెండి. తర్వాత ప్యాసింజర్లు మెల్లగా తిరిగి వచ్చాయి కానీ ఎక్స్‌ప్రెస్ పేరుతో వచ్చాయి, అదే బండి, అదే స్పీడు, అన్ని చోట్లా ఆగేదే, కనీస చార్జీ మాత్రం పది కాదు ముప్పై. మళ్ళీ పదికి వచ్చింది 2024 ఫిబ్రవరి చివర్లోనే. పాస్ ఉన్నవాళ్ళం కాబట్టి మాకు పెద్దగా తగల్లేదు గానీ, ప్రసన్నాయపల్లికి పోయే కూరగాయల ముసలామెకు తగిలింది. ఆమె ఆ నాలుగేళ్ళూ షేర్ ఆటోకి మారిపోయింది, చార్జీ తగ్గాక కూడా తిరిగి రాలేదు.

మా అవ్వ ఉన్నప్పుడు చెప్పేది, ఇక్కడ ముందు చిన్న బండి ఉండేదని. మీటర్ గేజ్ అన్నమాట. గుంతకల్లు నుంచి బెంగళూరు దాకా ఈ లైను 1890ల్లో వేశారు, సదరన్ మరాఠా రైల్వే అనే కంపెనీ వేసింది. పట్టాల మధ్య ఒక మీటరే వెడల్పు, ఇప్పుడున్న బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు. మార్చింది 1980ల్లో. అవ్వ ధర్మవరం పెళ్ళికి పోతే తెల్ల రవికె మీద బొగ్గు నుసి నల్లగా చుక్కలు పడేదట, అందుకే రైలు పెళ్ళిళ్ళకు ముదురు రంగులే కట్టేవాళ్ళట. "ఆ బండి ఎంత మెల్లగా పోయేదంటే, కాలనీ దగ్గర దిగాలనుకుంటే దిగేదే" అనేది. అప్పుడు కాలనీ లేదు అవ్వా, శనక్కాయ చేన్లే కదా అంటే, "చేన్లోనే దిగేదాన్ని, ఏం, చేను మనది కాదా" అనేది. ఎంత నిజమో తెలియదు. కానీ మా ఇంటి వెనక ఆగిన బండి ఆమె ఒక్కతికే దక్కిందని నాకు లోపల చిన్న కుళ్ళు ఉంది.

మా వెనక వీధిలో ఒక మామ ఉన్నాడు, గేట్‌మన్‌గా చేసి రిటైర్ అయ్యాడు. అందరూ గేటు మామ అంటారు. ఆయన దగ్గర కూర్చుంటే టైము తెలియదు. గేటు వేయడం అంటే హ్యాండిల్ తిప్పడం అనుకుంటాం కదా మనం. కాదంట. ముందు స్టేషన్ మాస్టర్ ఫోన్ చేస్తాడు, ఫలానా బండి వస్తోంది గేటు వెయ్యి అని. మామ గేటు వేసి, తాళం పడిందని చూసుకుని, తిరిగి ప్రైవేట్ నంబర్ చెప్పాలి. అది ఒక కాగితం మీద వరుసగా అచ్చేసిన రెండంకెల నంబర్లు, ఏ వరుసా ఉండదు, 47 తర్వాత 13 ఉండొచ్చు, 82 ఉండొచ్చు. ఒక నంబర్ చెప్పగానే దాన్ని కొట్టేసి, పుస్తకంలో టైముతో సహా రాయాలి. అవతల స్టేషన్ మాస్టర్ కూడా అదే రాసుకుంటాడు. నిద్రమత్తులో "ఆ వేశాను సార్" అనేస్తే కుదరదు, కాగితం చూసి నంబర్ చదవాలంటే కళ్ళు తెరవాల్సిందే. ఈ ఒక్క ముక్క విన్నాక గేటు దగ్గర హారన్ కొట్టే అలవాటు మానేశాను. మామ ఇప్పటికీ ఫోన్ నంబర్ చెప్పమంటే రెండేసి అంకెలుగా, మధ్యలో ఆగి ఆగి చెప్తాడు, అవతలివాళ్ళు రాసుకునేదాకా.

ఒకరోజు ఆయన్నే అడిగాను, మా కాలనీ వెనక ఒక చిన్న హాల్ట్, అంటే బండి కాసేపు ఆగే బుల్లి స్టేషన్, పెడితే ఏం పోతుంది మామా అని. ఆయన చుట్ట ఆర్పి మరీ నవ్వాడు.

"నీ ఒక్కదాని కోసం బండి నిలపల్లా ఏమ్మా?"

నా ఒక్కదాని కోసం కాదు, ఈ వైపు నాలుగైదు కాలనీలు వచ్చాయి, కాలేజీ పిల్లలున్నారు, పొద్దునా సాయంత్రం రెండు బళ్ళు ఆగినా చాలు, ఒక్క నిమిషమే కదా అన్నాను.

"ఒక్క నిమిషం నీకు. స్పీడు తగ్గించేది ఒకటి, ఆగేది ఒకటి, మల్లా ఎత్తుకునేది ఒకటి. అంతా కలిపితే నాలుగైదు నిమిషాలు పోతాది. అంతలోపల యెనక వందే భారత్ ఉంటాది, దాన్ని యాడ పెట్టుకుంటావ్, మీ పెరట్లోనా?"

కాచిగూడ నుంచి యశ్వంతపూర్ పోయే ఆ తెల్ల బండి 2023 సెప్టెంబర్ 24న మొదలైంది, అనంతపురం, ధర్మవరం రెండు చోట్లా ఆగుతుంది. అది మా ఇంటి వెనక పోతే మూత పెట్టిన గిన్నెలో నీళ్ళు కూడా కదలవు, అంత మెత్తగా పోతుంది. సరే, హైదరాబాద్‌లో రెండు కిలోమీటర్లకొకసారి ఆగుతుంది కదా అంటే, అది వేరే బండి అన్నాడు. ఇంజిన్ ఒక్కటే ముందు కట్టి లాగే బండి బరువుగా కదులుతుంది. ఎంఎంటీఎస్ లాంటి వాటికి మోటార్లు బోగీల కిందే అక్కడక్కడా ఉంటాయి, అన్నీ కలిసి తోస్తాయి కాబట్టి వెంటనే స్పీడు అందుకుంటాయి. దగ్గర ఊళ్ళ మధ్య తిరిగే మెమూ బండి కూడా అంతే. ఇంకా చెప్పాడు, స్టేషన్ యార్డు కట్టాలంటే నేల చదునుగా ఉండాలి, 400 మీటర్ల పొడవుకి ఒక మీటరు కన్నా ఎక్కువ వాలు ఉండకూడదని, లేకపోతే ఊరికే నిలబెట్టిన వ్యాగన్లు వాటంతట అవే బయల్దేరతాయని. నాకు యార్డు వద్దు మామా, ఒక రేకుల షెడ్డు, ఒక బోర్డు, బోర్డు మీద మా కాలనీ పేరు చాలన్నాను.

"బోర్డు కాదమ్మా, టికెట్లు. ఎంతమంది కొంటారు?"

ఇది మాత్రం నన్ను పట్టుకుంది. హాల్ట్ అంటే అక్కడ స్టేషన్ మాస్టర్ ఉండడు, సిగ్నళ్ళు ఉండవు. టికెట్లు అమ్మేది హాల్ట్ ఏజెంట్ అని ఒకాయన, రైల్వే ఉద్యోగి కాదు, కమీషన్ మీద చేస్తాడు. పక్కనున్న పెద్ద స్టేషన్‌లో ముందే డబ్బు కట్టి టికెట్లు తెచ్చుకుని, సంచిలో పెట్టుకుని, బండి టైముకి వచ్చి అమ్మి వెళ్ళిపోతాడు. చిన్నప్పుడు ఒక హాల్ట్‌లో అట్ల కొన్న అట్ట టికెట్ నా దగ్గర చాలా ఏళ్ళు ఉండేది, చూపుడు వేలంత పొడవు, గోధుమ రంగు, మూలలు మెత్తబడి. టికెట్లు అమ్ముడుపోకపోతే ఆ ఏజెంట్‌కీ గిట్టదు, బండి ఆపేవాళ్ళకీ గిట్టదు, హాల్ట్ మూతపడుతుంది. మా కాలనీ సంగతి నాకు తెలుసు. రేపు నిజంగా బండి ఇక్కడ ఆగితే, మూడు కిలోమీటర్లకు టికెట్ ఎందుకులే అని ఊరికే ఎక్కేవాళ్ళే సగం మంది. పది రూపాయల కోసం కాదు, ఇంటి వెనక ఎక్కే బండికి టికెట్ ఏంటి అన్న ధీమాతో. మా చిన్నాయన మొదటివాడు. నేను పాస్ ఉన్నదాన్ని కాబట్టి పెద్ద మాటలు మాట్లాడుతున్నాను, అది కూడా ఒప్పుకోవాలి.

టికెట్ అంటే ఇంకో తమాషా. మా అమ్మకు ఫోన్‌లో జనరల్ టికెట్ తీయడం నేర్పించాను, గుంతకల్లులో పిన్ని ఇంటికి పోయేటప్పుడు క్యూలో నిలబడకుండా. వంటింట్లో కూర్చుని అన్నీ నొక్కింది, పేరు, స్టేషన్, డబ్బులు. టికెట్ రాదు. ఆ యాప్‌లో ఒక నిబంధన ఉంది, పట్టాలకు మరీ దగ్గరగా ఉంటే, అంటే ప్లాట్‌ఫాం మీదనో బండిలోనో ఉంటే, అప్పటికప్పుడు టికెట్ తీయనివ్వదు, టీసీని చూసి టికెట్ తీసేవాళ్ళు ఉంటారని. మా వంటిల్లు దాని లెక్కలో స్టేషన్ కిందికే వచ్చినట్టుంది. ముందు గదిలోకి పోయింది, రాలేదు. వాకిట్లోకి పోయింది, రాలేదు. చివరికి వీధి మలుపులో కిరాణా కొట్టు దగ్గర నిలబడితే వచ్చింది. "మనం రైల్లోనే కాపురం చేస్తున్నామంటుందే ఇది" అని అమ్మ ఫోన్‌ని తిట్టింది. నాకు మాత్రం ఆ రోజంతా ఒకటే సంతోషం. ఎవరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, కనీసం ఒక యాప్ మా ఇంటిని రైల్వే స్టేషన్‌గా గుర్తించింది కదా.

నిన్న సాయంత్రం బండి మళ్ళీ ఔటర్‌లో ఆగింది. ప్లాట్‌ఫాం ఖాళీ లేనట్టుంది. మా బ్యాచ్‌లో కుర్రాళ్ళు కొందరు ఇట్లా ఆగినప్పుడు కంకర మీదికి దూకి, కాలువ దాటి ఇళ్ళకు పోతారు. నేనొకసారి తలుపు దాకా పోయి కిందికి చూశాను, మెట్టుకీ కంకరకీ మధ్య నా నడుమంత లోతు, పక్క లైన్‌లో ఏ బండి వస్తుందో తెలియదు, వెనక్కి వచ్చి కూర్చున్నాను. గేటు మామ తన సర్వీసులో చూసినవి చెప్పాడు, ఇక్కడ రాయను.

చీకటి పడుతోంది. మా వంటింట్లో లైటు వెలిగింది. కిటికీలోంచి అమ్మ వీపు కనిపిస్తోంది, ఏదో తాలింపు వేస్తున్నట్టుంది, నిజం చెప్పాలంటే వాసన కూడా వచ్చింది, ఎండుమిరపకాయల ఘాటుకి నా పక్కనున్నక్క తుమ్మింది. ఫోన్ చేశాను. అమ్మ ఎత్తుతూనే కిటికీ దగ్గరికి వచ్చి బండి వైపు చూసింది.

"ఏ బోగీ?"

"మూడోది. చెయ్యి ఊపుతున్నా, చూడు."

"కనపడలా. అన్నం పెట్టేదా మరి?"

"వద్దుమా. సిగ్నల్ పడల్ల, స్టేషన్‌కి పోవల్ల, ఆటో దొరకల్ల. ఇంకో ముప్పావు గంట పడుతుంది."

"సరే, చారు మల్లా కాగబెడతాలే" అని లైటు ఆపేసి ముందు గదిలోకి పోయింది.